చక్రం నుంచి చుక్కాని దాకా: చిన్న తెరచాప పడవల స్టీరింగు, సంరక్షణ, మరమ్మతు

ఉత్తర చెన్నైలోని వ్యాసర్పాడి గుండా వచ్చే కెప్టెన్ కాటన్ కాలువ కొద్ది దూరంలోనే బకింగ్‌హాం కాలువలో కలుస్తుంది. ఆ బకింగ్‌హాం కాలువ మీద ఒకప్పుడు తెలుగువాళ్లు తెరచాపలెత్తి పడవలు నడిపారు. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు దాకా కొక్రేన్ కాలువగా మొదలైన ఈ జలమార్గం తర్వాతి దశాబ్దాల్లో ఉత్తరానికీ దక్షిణానికీ పెరిగింది. 1878లో అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూకు పేరు దీనికి వచ్చింది. పెదగంజాం నుంచి మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్ల పొడవు. నెల్లూరు వైపు నుంచి వంటచెరకు, ధాన్యం, ఉప్పు మోసుకొచ్చిన పడవలు బేసిన్ బ్రిడ్జి దగ్గర సరుకు దించేవి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గెడ, అదీ కుదరకపోతే గట్టు మీది నుంచి తాడు కట్టి లాగడం. పడవ వెనుక కొసన కూర్చున్న మనిషి చేతిలో చుక్కాని పిడి ఉండేది. పిడి నేరుగా చుక్కానికే బిగించి ఉండేది కనుక దానికి ఏం జరిగినా ముందు చేతికి తెలిసేది, వెంటనే కంటికి కనిపించేది.

కాలువ మీద రవాణా ఆగిపోయింది. 1965, 1966, 1976 తుపాన్లు దాన్ని బాగా దెబ్బతీశాయి. తెరచాపలు మాత్రం చెన్నైని వదలలేదు. వ్యాసర్పాడికి కొద్ది కిలోమీటర్ల దూరంలో, ఓడరేవు లోపలే, 1911లో పోర్ట్ ట్రస్ట్ ఛైర్మన్ సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ స్థాపించిన రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ ఉంది. పిల్లలు నేర్చుకునే ఆప్టిమిస్ట్, ఒలింపిక్స్‌లో చెన్నై అమ్మాయి నేత్రా కుమనన్ నడిపిన లేజర్ రేడియల్, హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లో పోటీపడే లేజర్లు అన్నీ పిడితో తిప్పే పడవలే. పడవ పొడవు తొమ్మిది పది మీటర్లు దాటాక కథ మారుతుంది. చుక్కాని పెద్దదవుతుంది, నీటి ఒత్తిడి పెరుగుతుంది, పిడి పట్టుకున్న చేతికి సత్తువ చాలదు. అక్కడ చక్రం వస్తుంది.

చక్రం మనిషికి బలమిస్తుంది, నిలబడి దూరం చూసే వీలిస్తుంది. అందుకు బదులుగా ఒకటి తీసుకుంటుంది: చుక్కానికీ చేతికీ మధ్య ఉన్న సంబంధాన్ని కంటికి కనపడకుండా చేస్తుంది. చైను, తీగతాడు, కప్పీలు, బోల్టులు అన్నీ డెక్కు కింద చీకటి అరల్లో ఉంటాయి. చక్రపు స్టీరింగు సంరక్షణ అంటే ప్రధానంగా ఆ చీకటి అరలను క్రమం తప్పకుండా తెరిచి చూడటమే. మిగతా పనులన్నీ అక్కడ కనిపించిన దాన్ని బట్టి ఉంటాయి.

పని చేసే తీరు

చిన్న పడవల్లో ఎక్కువగా కనిపించేది చైను, తీగతాళ్ల పద్ధతి. నిలబడి తిప్పే చక్రం ఒక బోలు స్తంభం మీద ఉంటుంది. ఈ స్తంభాన్ని పెడస్టల్ అంటారు. చక్రపు ఇరుసుకు లోపల పళ్ల చక్రం, దాని మీద సైకిలు చైను వంటి పొట్టి చైను. చైను రెండు కొసలకూ స్టెయిన్‌లెస్ స్టీలు తీగతాళ్లు తగిలించి ఉంటాయి. అవి స్తంభం లోంచి కిందికి దిగి, కప్పీల మీదుగా మలుపు తిరిగి, పడవ వెనక్కి వెళ్లి, చుక్కాని కడ్డీకి బిగించిన క్వాడ్రంట్‌ను చెరో వైపు నుంచి పట్టుకుంటాయి. క్వాడ్రంట్ వలయంలో ఒక ముక్క ఆకారంలో ఉండే లోహపు చట్రం. కొన్ని పడవల్లో దీని బదులు పూర్తి గుండ్రటి పళ్లెం ఉంటుంది. చక్రాన్ని కుడికి తిప్పితే ఒక తాడు లాగుతుంది, రెండోది వదులుతుంది. తాడు లాగగలదే తప్ప తొయ్యలేదు. అందుకే రెండు కావాలి. ఒకటి తెగితే చుక్కాని ఒక పక్కకే తిరుగుతుంది.

బలాల లెక్క ఒకసారి వేసి చూస్తే ఏ భాగం మీద ఎంత భారం పడుతుందో అర్థమవుతుంది. చక్రపు అంచు కేంద్రం నుంచి 45 సెంటీమీటర్లు, పళ్ల చక్రం వ్యాసార్ధం 5 సెంటీమీటర్లు, క్వాడ్రంట్ వ్యాసార్ధం 25 సెంటీమీటర్లు అనుకుందాం. అంచు మీద 10 కిలోల బలంతో లాగితే తీగతాడులో 90 కిలోల లాగుడు పుడుతుంది. తాడు తొంభై డిగ్రీల మలుపు తిరిగే చోట కప్పీ మీద పడే భారం దాదాపు 127 కిలోలు. చుక్కాని నడిమి నుంచి ఒక పక్కకు 35 డిగ్రీలు తిరగడానికి తాడు కదిలేది పదిహేను సెంటీమీటర్లే. చక్రం ఆ పక్కకు సుమారు అర చుట్టు తిరుగుతుంది. ఇదంతా మనిషి లాగినప్పటి సంగతి. వెనుక నుంచి అల వచ్చి చుక్కానిని కొట్టినప్పుడు ఇదే దారి వెంట బలం ఎదురు దిశలో వస్తుంది, అప్పుడు దాని పరిమాణం చేతి బలానికి ఎన్నో రెట్లు. పడవలో కప్పీని పట్టుకున్న బోల్టులు, ఆ బోల్టులు దిగిన చెక్క ఎందుకంత ముఖ్యమో ఈ లెక్కే చెబుతుంది. చాలామంది తీగతాడును చూస్తారు కానీ కప్పీ కింద ఉన్న చెక్క మెత్తబడిందేమో చూడరు.

ఓడల మీదికి చక్రం 18వ శతాబ్దపు తొలి ఏళ్లలో వచ్చింది. అంతకుముందు పెద్ద ఓడల్లో పొడవాటి నిలువు కర్రతో కింది అంతస్తులోని చుక్కాని పిడిని అటూ ఇటూ నెట్టేవారు. చక్రంతో పాటు డ్రమ్ము, దాని చుట్టూ తాడు వచ్చాయి, తాడు వదులయ్యే సమస్య కూడా అప్పుడే మొదలైంది. 1859లో అమెరికాలోని బోస్టన్‌లో జేకబ్ ఎడ్సన్ మొదలుపెట్టిన సంస్థ ఈనాటికీ స్టీరింగు సామాన్లు తయారు చేస్తోంది.

తారిణి అనుభవం

చక్రం, చుక్కానిల మధ్య దారి తెగితే ఏమవుతుందో తెలుగువాళ్లకు దగ్గరి ఉదాహరణ ఒకటి ఉంది. భారత నౌకాదళపు తెరచాప పడవ ఐఎన్‌ఎస్‌వి తారిణి గోవాలోని అక్వేరియస్ షిప్‌యార్డులో తయారై 2017 ఫిబ్రవరిలో సేవలోకి వచ్చింది. పొడవు సుమారు 17 మీటర్లు. అదే ఏడాది సెప్టెంబరు 10న ఆరుగురు మహిళా అధికారులు దాని మీద గోవా నుంచి ప్రపంచాన్ని చుట్టి రావడానికి బయలుదేరారు. నాయకురాలు వర్తికా జోషి. మిగతా అయిదుగురిలో ఇద్దరు తెలుగువాళ్లు: విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య.

ఫ్రీమాంటిల్, లిటెల్టన్, ఫాక్‌లాండ్స్‌లోని పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్ అనుకున్న మజిలీలు. పసిఫిక్‌లో 60 నాట్లు దాటిన గాలులు, ఏడు మీటర్ల దాకా లేచిన అలలు తట్టుకుని 2018 జనవరిలో కేప్ హార్న్ దాటారు. కష్టమైన నీళ్లన్నీ వెనకబడ్డాయనుకున్నాక, కేప్‌టౌన్ నుంచి గోవాకు వచ్చే ఆఖరి అంచెలో, స్టీరింగు వ్యవస్థ పాడైంది. ఏప్రిల్‌లో పడవను మారిషస్ రాజధాని పోర్ట్ లూయీకి మళ్లించి, బాగు చేయించుకుని, మళ్లీ బయలుదేరారు. మే 21న గోవా చేరారు. మొత్తం ప్రయాణం 21,600 నాటికల్ మైళ్లు, 254 రోజులు. అదే తారిణి మీద దిల్నా, రూపా అనే మరో ఇద్దరు అధికారులు 2024 అక్టోబరు 2న బయలుదేరి, ప్రపంచాన్ని చుట్టి, 2025 మే 29న తిరిగొచ్చారు. పడవ దృఢంగానే ఉంది. సముద్రం వేల మైళ్లపాటు, పగలూ రాత్రీ, ప్రతి అలకూ అటూ ఇటూ తిప్పిన భాగాలు మాత్రం అరుగుతాయి. తీరం వెంట వారాంతాల్లో తిరిగే పడవలోనూ అదే అరుగుదల, కాకపోతే నెమ్మదిగా. నెమ్మది కనుకనే దాన్ని వాయిదా వేయడం సులువు.

తీగతాడు

తీగతాడు స్టీరింగులో అన్నిటికంటే ముందు అలసిపోయే భాగం. దీనికి వాడేది మెత్తగా వంగే రకం: ఏడు పురులు, ఒక్కో పురిలో 19 సన్నతీగలు, మొత్తం మందం అయిదారు మిల్లీమీటర్లు. తెరచాప కొయ్యను నిలబెట్టే గట్టి కడ్డీ తీగను ఇక్కడ వాడితే కొద్ది రోజుల్లోనే విరుగుతుంది. వంగే తాడు కూడా కప్పీ మీద వంగినప్పుడల్లా లోపలి సన్నతీగలు కొంచెం కొంచెం అలుస్తాయి. కప్పీ చిన్నదైతే అలసట ఎక్కువ. తాడు మందానికి కప్పీ వ్యాసం కనీసం పదహారు రెట్లు ఉండాలన్నది సాధారణ కొలత. ఆరు మిల్లీమీటర్ల తాడుకు పది సెంటీమీటర్లకు తక్కువ కప్పీ వేయకూడదన్నమాట.

సన్నతీగ ఒకటి తెగితే దాని కొస ముల్లులా బయటికి పొడుచుకొస్తుంది. ఒట్టి చేతితో తాడు తడిమితే చర్మం చీరుకుపోతుంది. పాతకాలపు మంచి పద్ధతి ఇది: టిష్యూ కాగితం నాలుగైదు పొరలు మడిచి, దాని మీద ఇంజనాయిల్ కొన్ని చుక్కలు వేసి, తాడును అందులో పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా లాగాలి. ఒకే పనిలో తాడుకు నూనె అందుతుంది, తెగిన తీగ ఉంటే కాగితం దానికి తగులుకుని చిరుగుతుంది. కాగితం చిరిగిన చోట ఆగి టార్చి వేసి చూడాలి. తెగిన తీగ ఒక్కటి కనిపించినా ఆ తాడు పని అయిపోయినట్టే. ఇంకొక ప్రయాణం చేసి చూద్దాం అనుకోవడం సరికాదు. రెండో తాడు వయసు కూడా అంతే కనుక రెండింటినీ కలిపే మార్చాలి. ఏమీ కనిపించకపోయినా అయిదేళ్లకు ఒకసారి మార్చి, పాతవాటిలో బాగున్నవి విడిగా దాచుకోమని తయారీదారులు చెబుతారు.

కప్పీల దగ్గర తాడు కింద నల్లటి లేదా పసుపు లోహపు పొడి పడి ఉంటే అది ముందస్తు సమాచారం. తాడు కప్పీలోకి నేరుగా ప్రవేశించడం లేదు, అంచును కోస్తోంది. కప్పీ కోణం సరిచేసి, తాడు వచ్చే దారికి సరిగ్గా ఎదురుగా నిలబెట్టి మళ్లీ బిగించాలి. కొత్త తాడు వేసి, కప్పీని అలాగే వదిలేస్తే కొత్తదీ అదే దారి పడుతుంది.

బిగువు విషయంలో రెండు వైపులా పొరపాట్లు జరుగుతాయి. వదులైన తాడు క్వాడ్రంట్ గాడిలోంచి జారుతుంది, అతిగా బిగించినది బేరింగులను తినేస్తుంది, చుక్కాని మీద నీటి ఒత్తిడి చేతికి తెలియకుండా చేస్తుంది. సరైన పరీక్ష తేలిక. చక్రాన్ని కదలకుండా కట్టేసి, అరలోకి దిగి, క్వాడ్రంట్‌ను రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడాలి. ఆట ఉండకూడదు. అంతవరకే బిగించాలి. బిగించే బోల్టుకు రెండో నట్టు వేసి లాక్ చేయకపోతే ఇంజను వణుకుకే అది వదులవుతుంది. కొత్త తాడు మొదటి కొన్ని ప్రయాణాల్లో కొంచెం సాగుతుంది కాబట్టి మరోసారి చూసుకోవాలి.

తాడు కొసన మెలిక ఎలా వేశారన్నదీ ముఖ్యమే. తాడు వంపు లోపల లోహపు థింబుల్ ఉండాలి, దాని మీద నొక్కి బిగించిన రాగి స్లీవు ఉంటే మేలు. నట్లున్న క్లాంపులు వాడితే ఒక్కో కొసకు కనీసం రెండు వేయాలి. వాటి పల్లపు ముక్క భారం మోసే తాడు వైపు, యూ ఆకారపు బోల్టు ఊరికే ఉన్న కొస వైపు ఉండాలి. తారుమారైతే యూ బోల్టు మోసే తాడునే నలిపేస్తుంది.

ఈ మధ్య తీగతాడు బదులు డైనీమా అనే గట్టి సింథటిక్ నార తాళ్లు వేసే పడవలు పెరుగుతున్నాయి. తుప్పు లేదు, చెయ్యి కోసుకోదు, బరువు తక్కువ. అయితే తీగ అరగదీసిన గరుకు కప్పీల మీద డైనీమా వేస్తే కొద్దిరోజుల్లోనే దూదెక్కిపోతుంది. కప్పీలు నున్నగా చేసిన తర్వాతే అది వేయాలి. ముడి వేస్తే బలం సగానికి పడిపోవచ్చు కనుక కొసలు అల్లాలి. నిరంతర భారం కింద అది మెల్లగా సాగుతుంది కూడా.

స్తంభం లోపల

పెడస్టల్ పైనున్న దిక్సూచిని విప్పితే లోపలి చైను, పళ్ల చక్రం, ఇరుసు బేరింగులు కనిపిస్తాయి. దిక్సూచి తీసే ముందు దాని అడుగున, స్తంభం మీద కలిపి ఒక గీత గీసుకోవాలి. తిరిగి అదే కోణంలో కూర్చోకపోతే అది చూపే దిక్కు ప్రతిసారీ అంతే మేర తప్పుతుంది. స్తంభం చుట్టుపక్కల ఇనుప బోల్టులు, స్పీకర్లు, ఫోన్లు పెట్టకపోవడానికీ కారణం దిక్సూచే.

చైనుకు గ్రీజు రాయడం చాలామంది చేసే పని. గ్రీజు ఉప్పునీటి తేమను, ఇసుకను తనలోకి చేర్చుకుని రుద్దుడు ముద్ద అవుతుంది. ఇంజనాయిలే చైనుకు మేలు. ఇరుసు బేరింగులకు మాత్రం తయారీదారు చెప్పిన కందెన, పైనున్న రంధ్రాల ద్వారా అందించాలి. చక్రాన్ని ఆపే బ్రేకు పట్టీల మీద ఒక్క చుక్క నూనె పడినా అది పట్టదు. పళ్ల చక్రం ఇరుసు మీద జారకుండా పట్టే చిన్న లోహపు కీ సడలితే చక్రం తిప్పగానే టక్కుమని చప్పుడొస్తుంది. ఈ చప్పుడును పాత పడవ సహజ లక్షణంగా తీసుకోకూడదు.

విప్పే ముందు చుక్కానిని నడిమికి తెచ్చి, పైకి వచ్చిన చక్రపు ఆకుకు తాడు చుట్టి గుర్తు పెట్టుకోవాలి. సముద్రం మీద రాత్రి చీకట్లో చేతికి తగిలే ఆ చుట్టే చుక్కాని నడిమిలో ఉందని చెబుతుంది. చైనులో నడిమి లంకెకు రంగు వేయాలి. పాత తాడు లాగి తీసేటప్పుడు దాని కొసకు సన్నటి నూలు తాడు కట్టి వదిలితే కొత్త తాడు అదే దారిలో తేలిగ్గా వస్తుంది. ఈ చిన్న పని చేయకపోతే కొత్త తాడును స్తంభంలోకి ఎక్కించడానికే పూట గడిచిపోవచ్చు.

మరమ్మతు అంతా అయ్యాక ఒక పరీక్ష తప్పనిసరి. కొన్ని స్తంభాల్లో రెండు తాళ్లూ లోపలే ఒకదానికొకటి అడ్డంగా దాటుతాయి, కొన్నిటిలో నేరుగా దిగుతాయి. తిరిగి అమర్చేటప్పుడు మారిపోతే చక్రం కుడికి తిప్పితే పడవ ఎడమకు పోతుంది. రేవులోంచి బయటికి రాకముందే, ఒకరు చక్రం పట్టుకుని, మరొకరు నీటిలో చుక్కానిని చూస్తూ చక్రం కుడికి తిప్పినప్పుడు చుక్కాని వెనుక అంచు కుడికే పోతోందని నిర్ధారించుకోవాలి.

చుక్కాని కడ్డీ, దాని బేరింగులు

చక్రం బరువుగా తిరుగుతోందనే ఫిర్యాదు వచ్చినప్పుడు మెకానిక్కులు తరచు తాడు వదులు చేస్తారు, నూనె పోస్తారు, ఫలితం ఉండదు. దారిని రెండు ముక్కలు చేసి చూడాలి. క్వాడ్రంట్ నుంచి తాళ్లు విప్పేసి, చుక్కాని కడ్డీ తలకు అత్యవసర పిడి తగిలించి తిప్పాలి. అప్పుడూ బరువుగానే ఉంటే దోషం చుక్కాని బేరింగుల్లో ఉంది. తేలిగ్గా తిరిగితే కప్పీల్లోనో స్తంభంలోనో ఉంది. అరగంట పట్టని ఈ పరీక్ష ఎన్నో రోజుల వెతుకులాటను తప్పిస్తుంది.

నైలాన్ బుష్షులు నీటిని పీల్చి ఉబ్బుతాయి. లేతు మీద చక్కగా కొలత పెట్టి చేసిన బుష్షు కూడా నీటిలో కొన్ని వారాలుండే సరికి కడ్డీని బిగపట్టేస్తుంది. ఎసిటాల్ రకపు గట్టి ప్లాస్టిక్కో, మంచి కంచో ఇందుకు మేలు. అందులోనూ తగినంత సందు వదలాలి. దీనికి వ్యతిరేక దిశలో, బేరింగు అరిగిపోతే చుక్కాని అలలో లటలట కొట్టుకుంటుంది. పడవను ఒడ్డెక్కించినప్పుడు చుక్కాని కింది కొస పట్టుకుని పక్కలకు ఊపితే ఎంత అరిగిందో తెలుస్తుంది. కడ్డీ పడవ అడుగు దాటి పైకి వచ్చే చోట నీరు లోపలికి రాకుండా ఆపే గ్లాండ్ ప్యాకింగ్ ఉంటుంది. అది చెమర్చితే నట్టు కొద్దిగా బిగించాలి, అప్పటికీ కారితే ప్యాకింగ్ మార్చాలి.

క్వాడ్రంట్ కడ్డీ మీద జారకుండా బోల్టు, కీ కాపాడతాయి. అల్యూమినియం క్వాడ్రంట్, స్టెయిన్‌లెస్ కడ్డీ కలిసే చోట ఉప్పునీరు చేరితే అల్యూమినియం తెల్లటి పొడిగా రాలుతుంది. రెండు లోహాల మధ్య విద్యుత్ ప్రవాహం దీనికి కారణం. బిగించే ముందు కలిసే ముఖాల మీద నీటిని అడ్డుకునే పేస్టు పూయడమే మందు. చుక్కాని అతిగా తిరగకుండా పడవకు గట్టిగా బిగించిన అడ్డుకట్టలు ఉండాలి. ఇంజనుతో వెనక్కి పోతున్నప్పుడు నీరు చుక్కానిని ఒక్కసారిగా పక్కకు విసురుతుంది. అడ్డుకట్టలు లేకుంటే తాడు గాడి దాటి ఊడిపోతుంది. వెనక్కి పోయేటప్పుడు చక్రాన్ని వదలకూడదనే మాట ఇందుకే పుట్టింది.

1979 ఆగస్టులో ఇంగ్లండు, ఐర్లండుల మధ్య జరిగిన ఫాస్ట్‌నెట్ పందెంలో తుపాను పట్టినప్పుడు, అప్పట్లో కొత్తగా వచ్చిన కార్బన్ ఫైబర్ చుక్కానులు కొన్ని పడవల్లో విరిగిపోయాయి. చక్రం, తాడు, కప్పీలు బాగున్నా ఫలితం లేకపోయింది. 2020 నుంచి స్పెయిన్, పోర్చుగల్ తీరాల్లో ఓర్కా తిమింగలాలు తెరచాప పడవల చుక్కానులను ఢీకొట్టి విరుస్తున్నాయి. కొన్ని పడవలు మునిగిపోయాయి కూడా. చుక్కాని పూర్తిగా పోయినా పడవను నడిపే దారి ఒకటి నేర్చుకుని ఉండాలని ఈ రెండు ఉదంతాలూ చెబుతాయి.

నూనె ఒత్తిడితో, పళ్ల కడ్డీతో

అన్ని పడవల్లోనూ తాళ్లు ఉండవు. కొన్నిటిలో చక్రం ఒక చిన్న పంపును తిప్పుతుంది, నూనె గొట్టాల గుండా పోయి సిలిండరును నెడుతుంది. ఇది చాలా కాలం గొడవ పెట్టదు. అయితే చుక్కాని మీద నీటి తాకిడి చేతికి తెలియదు, తెరచాప పడవ నడిపేవాళ్లు ఈ పద్ధతిని ఇష్టపడకపోవడానికి అదే కారణం. చక్రం మెత్తగా తగిలితే గొట్టాల్లో గాలి చేరింది, బయటికి తీయాలి. పంపు ఇరుసు దగ్గర నూనె చెమ్మ ఉంటే సీలు మార్చాలి. చక్రం పళ్లున్న కడ్డీని కదిలించే పళ్ల కడ్డీ పద్ధతిలో తాళ్లు లేవు, పళ్లు అరిగితే ఆట పెరుగుతుంది, అప్పుడు ఆ భాగాన్నే మార్చాలి.

సముద్రం మీద పాడైతే

తాడు తెగిన క్షణంలో చేయాల్సింది తెరచాప తగ్గించడం, పడవను నెమ్మదింపజేయడం. ఆ తర్వాతే అత్యవసర పిడి. ఇది పొట్టి ఉక్కు పిడి, డెక్కు మీది మూత విప్పి చుక్కాని కడ్డీ చతురస్రపు తలకు తగిలిస్తారు. చక్రమున్న పడవల్లో చాలావాటిలో ఇది ఉంటుంది, ఎక్కడుందో తెలిసినవాళ్లు తక్కువ. కొన్ని పడవల్లో అది చక్రానికి తగిలి పూర్తిగా తిరగదు, చక్రాన్ని ముందు ఊడదీయాలి. ఆ స్పానరు పరిమాణం ఎంత? ఇలాంటి ప్రశ్నలకు జవాబులు ఎండ కాస్తున్న రోజున, రేవులో, ఒకసారి తగిలించి నడిపి చూస్తేనే దొరుకుతాయి. పిడి పొట్టిది కనుక కొసకు రెండు వైపులా తాళ్లు కట్టి లాగాల్సి రావచ్చు.

చుక్కానే పోతే తెరచాపలే దిక్కు. వెనుక తెరచాపను సడలించి, ముందు తెరచాపను గాలికి ఎదురు పెడితే పడవ ముక్కు గాలికి దూరంగా తిరుగుతుంది. తారుమారు చేస్తే గాలి వైపు వస్తుంది. వెనుక రెండు తాళ్లకు బరువైన బకెట్టో, పొడవాటి తాడు చుట్టో కట్టి ఈడ్చి, ఏ పక్క తాడు లాగితే ఆ పక్కకు పడవను మళ్లించవచ్చు. వేగం తగ్గుతుంది గానీ దిశ చేతికి వస్తుంది.

చెన్నై తీరంలో

బంగాళాఖాతపు తేమ, ఉప్పు గాలి, ఎండ కలిసి ఇక్కడ లోహాన్ని త్వరగా తింటాయి. స్టెయిన్‌లెస్ అనే పేరు చూసి అది తుప్పు పట్టదనుకోవడం తప్పు. గాలి ఆడని ఇరుకు సందులో నిలిచిన ఉప్పునీరు దాన్నీ గుంటలు గుంటలుగా తినేస్తుంది. 316 రకంలో రెండు నుంచి మూడు శాతం మాలిబ్డినం ఉండటం వల్ల ఉప్పుకు అది 304 కంటే బాగా ఆగుతుంది. కంటికి రెండూ ఒకలాగే కనిపిస్తాయి. అయస్కాంతంతో కూడా వాటి తేడా తేలదు, బిల్లులో రకం రాయించుకోవడం, మాలిబ్డినం పరీక్షా చుక్కలు వేసి చూడటమే మార్గం. కప్పీలకు, పిన్నులకు ఇత్తడి వాడకూడదు. సముద్రపు నీరు దానిలోంచి జింకును లాగేసి, రాగిని బోలుగా వదిలేస్తుంది. కంచు, గన్‌మెటల్ మంచివి.

విదేశీ కంపెనీ కప్పీ తెప్పించాలంటే డబ్బు, సమయం రెండూ పోతాయి. వ్యాసర్పాడి పారిశ్రామిక ఎస్టేటులోనూ, ఉత్తర చెన్నైలోని చిన్న ఇంజనీరింగు వర్క్‌షాపుల్లోనూ ఉన్న మంచి టర్నరు గన్‌మెటల్ కప్పీ, పిన్ను, ప్లాస్టిక్ బుష్షు నమూనా చూసి చేసిపెట్టగలడు. అతనికి ఇవ్వాల్సింది అరిగిన ముక్క కొలతలు కాదు, అరగని భాగపు కొలతలు. తాడు మందం, గాడి లోతు, ఇరుసు వ్యాసం, నీటిలో ఉబ్బుకు వదలాల్సిన సందు కాగితం మీద రాసి ఇవ్వాలి.

ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో మొదలవుతాయి. కనుక చెన్నై పడవకు పూర్తి తనిఖీ సెప్టెంబరులోగా చేయాలి: తాళ్లు, కప్పీలు, చైను, క్వాడ్రంట్ బోల్టులు, అడ్డుకట్టలు, అత్యవసర పిడి. తనిఖీ తేదీ, మార్చిన భాగం పేరు పడవ పుస్తకంలో రాయాలి, లేకపోతే తాడు వయసు ఎవరికీ గుర్తుండదు. మన తీరంలో విశాఖ, కాకినాడ, చెన్నైల్లో పడవల మరమ్మతు నేర్చుకునే కుర్రాళ్లకు ఇంజను పని బోధించినంత శ్రద్ధగా స్టీరింగు పని కూడా బోధించాలి. చదువుకునే పుస్తకం వాళ్ల భాషలో ఉండాలి. పడవ ఉన్నవాళ్లు ఈసారి రేవుకు వెళ్లినప్పుడు వెనుక అర మూత తీసి, టార్చి వేసి, చక్రాన్ని ఒకరిచేత తిప్పించి, ఆ తాళ్లు కదలడం ఒకసారి చూడండి.